ఆరో బిళ్ళ

9 ఫిబ్రవరి 2015, సోమవారం

తువ్వాలు మళ్ళీ పడింది.

రెండో ఊరి రైతు ముందుకు వంగాడు. భుజం మీది తువ్వాలు జారి అద్దం మీద పడింది. బల్ల దాన్ని చెయ్యి అనుకుని, కాలవ మొదట్లో ఉన్న ఊరికి ఇంకో నాలుగు రోజుల నీళ్ళు రాసేసింది. అసలే వాళ్ళకి తక్కువైనట్టు!

మంచమంత అద్దం. కింద కెమెరా, ప్రొజెక్టరు. అద్దం మీద కాలవ పటం. ఆరూళ్ళ వాళ్ళు చుట్టూ నిలబడి, వేళ్ళతో తాకుతూ, నీళ్ళ వంతులు తామే పంచుకోవాలి. నీటిపారుదల ఆఫీసు మా కాలేజీకి అప్పగించిన పని. వినడానికి ఎంత బాగుందో. ఆరుగురు మనుషులు, పన్నెండు చేతులు... ఏ చెయ్యి ఎవరిదో బల్లకి తెలీదు.

హెచ్చోడీ గారి పరిష్కారం — "తువ్వాళ్ళు తీసేసి రమ్మని చెప్పండి కరుణా. సింపుల్."

సింపులట! ఎవరి ముందు ఎవరు తువ్వాలు తీసి చంకలో పెట్టుకునేవారో, ఈ శ్రీకాకుళంలోనే పుట్టి పెరిగిన మనిషికి నేను చెప్పాలా? ఒళ్ళు మండిపోయింది. "అలాగే సార్" అన్నాను. నా నోరు పడిపోనూ.

12 ఫిబ్రవరి

వేళ్ళు వద్దు. మనిషికో బిళ్ళ.

అరిసంత వెడల్పు, అరచేతిలో ఇమిడేంత. బిళ్ళ అడుగున ఒక్కోదానికి ఒక్కో గుర్తు, కింది కెమెరాకి కనబడేలా. తమ ఊరి తూము మీదకి జరిపి కుడికి తిప్పితే రోజులు పెరుగుతాయి, ఎడమకి తిప్పితే తగ్గుతాయి. తువ్వాలు పడనీ, మోచెయ్యి ఆననీ, టీ ఒలకనీ... బల్ల బిళ్ళ మాట తప్ప ఇంకెవరి మాటా వినదు.

బొమ్మ గీస్తుంటే మధ్యాహ్నం అన్నం సంగతి మర్చిపోయాను. ఎన్నాళ్ళయింది ఇలా మర్చిపోయి.

1 మార్చి, ఆదివారం

చర్చి అయ్యాక దావీదు మావ ఇంటికొచ్చాడు. అమ్మకి తమ్ముడు. కాలవకి ఆఖరి ఊరు ఆయనదే — నౌపడ దాటి, ఉప్పు మళ్ళు మొదలయ్యే చోట. మూడెకరాలు. కాలవ నీళ్ళు అందితే ఉప్పు కిందకి దిగి వరి లేస్తుంది. అందకపోతే తెల్లగా పైకి పొంగుతుంది.

చెక్క బిళ్ళ చేతికిచ్చాను. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"బాగానే ఉన్నాది గానీ... నాను సెప్పింది ఇది ఇన్నాదో నేదో నాకెలా తెలుస్తాదే?"

పటం మీద అంకె మారుతుంది మావా, అన్నాను.

"ఆ అంకె నా కళ్ళకి ఆనద్దా మరి? నా సేతి కిందే ఏదో తెలియాల."

అంతే. బిళ్ళ మీద దీపం పెట్టాలి. చెయ్యి పడగానే ఆకుపచ్చగా వెలగాలి. ఇన్నాళ్ళూ అద్దం గురించే ఆలోచించాను, చేతి గురించి కాదు.

20 మార్చి

ఆరూళ్ళ వాళ్ళతో బిళ్ళల మొదటి పరీక్ష. పరువు పోయింది.

ఆరుగురికీ ఆరు బిళ్ళలు ఇచ్చి, మొదలుపెట్టండి అన్నాను. ఆరుగురిలో అయిదుగురు బిళ్ళని ఎత్తి, రెండు చేతులా కళ్ళకద్దుకున్నారు. బిళ్ళ అద్దం మీంచి లేచింది, బల్ల దృష్టిలో మనిషి లేచి వెళ్ళిపోయాడు. పటం మీద ఊళ్ళు ఒకటొకటిగా ఆరిపోయాయి. దావీదు మావ ఒక్కడే బిళ్ళ మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు. కాబట్టి ఆయన ఊరొక్కటే మిగిలింది!

గిరి పొట్ట పట్టుకుని నవ్వాడు. ప్రోగ్రాం అంతా వాడిదే, కాలేజీలో నాదీ వాడిదీ ఒకే గది. "అక్కా, మీ మావ మొత్తం కాలవ తీసీసుకున్నాడే!"

హెచ్చోడీ గారు నవ్వలేదు. "వీళ్ళకి ట్రైనింగ్ ఇవ్వాలి."

వీళ్ళకా? ఆటో డ్రైవరు పొద్దున్నే హ్యాండిలు తాకి కళ్ళకద్దుకుంటాడు. కండక్టరు తొలి టిక్కెట్టు డబ్బులు అద్దుకుంటాడు. మా ఇంట్లో ఆ అలవాటు లేదు, నిజమే. కానీ నాకు కళ్ళు లేవా? నలభై ఏళ్ళ నుంచీ చూస్తున్నదే కదా. ట్రైనింగ్ కావాల్సింది మాకు.

26 మార్చి

అయింది.

బిళ్ళ పైకి లేస్తే మనిషి పోయినట్టు కాదు. దీపం వెలుగుతూనే ఉంటుంది, పటం మీద ఊరు అలాగే ఉంటుంది. కళ్ళకద్దుకునేంతసేపూ బల్ల ఆ బిళ్ళ మాట వినదు, అంతే — గాల్లో చెయ్యి ఊగితే అంకెలు మారకుండా. మళ్ళీ అద్దం మీద పెట్టగానే వింటుంది. గిరి ఆ స్థితికి ప్రోగ్రాంలో 'మొక్కు' అని పేరు పెట్టాడు. నాకు నచ్చింది. వాడి నెత్తి మీద మొట్టి, టీ ఇప్పించాను.

5 ఏప్రిల్

ఈస్టరు. చర్చి మెట్ల మీద మావ ఎవరో ఒకరిని పట్టుకుని — "మా అక్క కూతురే. మనం తిప్పితే నీళ్ళొచ్చే యంత్రం సేసినాది." యంత్రం కాదు మావా అంటే వినడు. గొంతు ఇంకా పెంచాడు. సిగ్గేసింది, బాగుంది కూడా.

22 ఏప్రిల్

ఇవాళ్టి సంగతి రాసుకోవాలి. మళ్ళీ ఇలాంటి రోజు వస్తుందో లేదో.

రెండో పరీక్ష. నిజం వంతులు కావు, ఉత్తుత్తివే. కానీ అందరూ నిజంలాగే దెబ్బలాడుకున్నారు. నేను పెట్టిన నియమం ఒక్కటే — ఆరుగురు అడిగినవీ కలిపి కాలవలో ఉన్నదానికంటే ఎక్కువైతే, ఆరు బిళ్ళలూ చేతుల కింద గుర్రుమంటాయి. ఎవరో ఒకరు తగ్గేదాకా ఆగవు. ఎవరు తగ్గాలో బల్ల చెప్పదు. అది వాళ్ళు తేల్చుకోవాలి.

మొదట పై ఊళ్ళ వాళ్ళు తమ ఇష్టం వచ్చినట్టు తిప్పేసుకున్నారు. శివారు ఊళ్ళ వాళ్ళు అలవాటు ప్రకారం చేతులు కట్టుకుని నిలబడ్డారు. నీళ్ళ సంఘం ప్రెసిడెంటు గారు — మొదటి ఊరు, మొదటి బిళ్ళ — "అయితే కానిచ్చేద్దామా?" అన్నారు. అప్పుడు మావ ముందుకొచ్చి తన బిళ్ళ తిప్పాడు. ఆరూ గుర్రుమన్నాయి. ప్రెసిడెంటు గారు చెయ్యి వెనక్కి లాక్కున్నారు, తేలు కుట్టినట్టు.

"ఏటిది? ఆపండి దీన్ని!"

"మీరు తగ్గితే ఆగుతాది బాబూ," అన్నాడు మావ. ఎంత మెల్లిగా అన్నాడో.

మధ్యాహ్నం దాటిపోయింది. టీలు చల్లారిపోయాయి. అరుపులు, పాత లెక్కలు, ఎవరి తాత ఎవరి తూము తవ్వేశాడో అవన్నీ. చివరికి ఆఖరి ఊరికి అయిదు రోజులు దక్కాయి. ఉత్తుత్తి అయిదు రోజులే! అయినా మావ బయటికొచ్చి చెట్టు కింద నిలబడి తన అరచెయ్యి చూసుకుంటున్నాడు.

"పెసిడెంటు బాబు సెయ్యీ నా సెయ్యీ ఒకటే బరువు తూగినాయే కరుణా."

హెచ్చోడీ గారి మొహం మాత్రం మాడిపోయింది. ప్రెసిడెంటు గారు వెళుతూ వెళుతూ ఆయన చెవిలో ఏదో చెప్పారు.

11 మే

అనుకున్నదే.

"మీటింగ్ అంతసేపు జరిగితే ఎలా కరుణా? ఆఫీసు వాళ్ళకి వేరే పనులుండవా? ఎవరో ఒకరు ఫైనలైజ్ చెయ్యాలి. ప్రెసిడెంటు గారి బిళ్ళకి లాక్ పవర్ ఇవ్వండి."

మిగతా అయిదు బిళ్ళలూ ఎందుకు సార్ మరి?

"పార్టిసిపేషన్."

ఆ బిళ్ళ నేను చెయ్యను అన్నాను. కుర్చీలోంచి లేచి మరీ అన్నాను. ఆయన నవ్వారు. "మీరు చాలా ఎమోషనల్ అయిపోతున్నారు. మీ మావయ్య గారిది ఆ ఊరే కదా?"

ప్రెసిడెంటు గారిది మొదటి ఊరు అని ఎవరికీ గుర్తు రాలేదు. నాకు మాత్రం ఆఖరి ఊరి మేనమామ ఉన్నాడని అందరికీ గుర్తుంది!

12 మే

అమ్మ — "ఆ పెద్దాయనతో పేచీ పెట్టుకుని ఉద్యోగం ఒగ్గీసుకుంటావేటి? మీ మావ నీళ్ళు మీ మావ సూసుకుంటాడు."

అన్నం సగంలో లేచిపోయాను. ఆ మాటలో సగం నిజం ఉంది, అందుకు.

3 జూన్

గిరి నా కళ్ళలోకి చూడటం లేదు. పలకరిస్తే "పనుందక్కా" అంటాడు. ఏం పని? ప్రోగ్రాం ఏప్రిల్‌లోనే అయిపోయింది కదా.

15 జూన్, సోమవారం

అసలు మీటింగు. ఈసారి నిజం నీళ్ళు.

నన్ను వెనక వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. బల్ల దగ్గర గిరి. పటం మీద అంకెలు కనబడటం లేదు. "చూస్తూ ఉంటే గొడవలొస్తున్నాయి, అందరివీ కలిపి లెక్కకట్టి చివర్లో చదువుతాం," అన్నారు నీటిపారుదల ఆఫీసరు గారు. అయిదుగురు కళ్ళకద్దుకున్నారు. మావ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు. అందరూ తిప్పారు. అందరివీ ఆకుపచ్చగా వెలిగాయి. టీ వేడిగా ఉండగానే అయిపోయింది. చప్పట్లు. ఫోటోలు. చదువుతామన్న అంకెలు చదవలేదు, ఆఫీసు బోర్డు మీద అంటిస్తారట.

మావ వెనక్కి తిరిగి నాకేసి చూసి తల ఊపాడు. నేనూ ఊపాను.

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే తట్టింది. ఆరుగురూ కుడికే తిప్పారు. నా కళ్ళారా చూశాను. ఆరుగురూ కుడికి తిప్పితే కాలవ చాలదు. బిళ్ళలు ఒక్కసారి కూడా గుర్రుమనలేదు.

16 జూన్

ప్రోగ్రాం తెరిచాను.

మొక్కు.

మొదటి బిళ్ళ తప్ప మిగతా అయిదూ మీటింగ్ మొదలైన దగ్గర్నుంచి చివరిదాకా మొక్కులోనే ఉన్నాయి. వెలుగుతూ ఉంటాయి. బల్ల వినదు. వాళ్ళు అద్దం మీద తిప్పుతున్నా, బల్ల లెక్కలో ఇంకా కళ్ళకద్దుకుంటూనే ఉన్నారు. మర్యాదగా, చేతులెత్తి, పొద్దంతా.

క్యాంటీన్లో గిరిని పట్టుకున్నాను. వాడు ఇడ్లీ ప్లేటు కేసి చూస్తూ చెప్పాడు. పర్మనెంటు చేస్తామన్నారట. పిల్లల ఫీజులట. విజయనగరం నుంచి రోజూ బస్సులో వచ్చిపోతున్నాడట. అవన్నీ నాకు తెలీవా?

"నేనేటి కొత్తగా రాయలేదక్కా. అది నువ్వు చెప్పిందే కదా. లైటు ఉండాలి, బల్ల వినకూడదు అని. మొదట్లోనే అయిదింటినీ దాంట్లో పెట్టీసి... మళ్ళీ ఆపలేదు, అంతే."

కొట్టేదాన్నే. పక్క బల్ల దగ్గర స్టూడెంట్లున్నారు.

18 జూన్

హెచ్చోడీ గారు — "ఎవరైనా కంప్లైంట్ చేశారా? లైటు వెలిగింది, అందరూ సంతోషంగా ఇంటికెళ్ళారు. మీ డిజైన్ సక్సెస్ కరుణా."

నా డిజైన్. అవును. దీపం నాది, మొక్కు నాది. వాళ్ళు నాలోంచి చెడ్డదేమీ తీసుకోలేదు. మంచివే తీసుకున్నారు. ఏడుపొచ్చింది ఆయన ముందే. అది చూసి ఆయన నీళ్ళ గ్లాసు ముందుకు జరిపారు. ఛీ.

ఆఫీసు బోర్డు మీద అంకెలు అంటించారు. ఆఖరి ఊరికి ఒక రోజు. అదీ 'మిగులును బట్టి'. ఆ కాగితం ముందు ఎవరూ ఆగడం లేదు.

2 జూలై

రాజీనామా రాశాను. సంచిలో పెట్టుకుని తిరుగుతున్నాను.

17 జూలై

ఇంకా సంచిలోనే ఉంది.

21 ఆగస్టు

మావ ఫోను. "నాట్లు ఏసినాం. నీళ్ళు ఇంకా దిగనేదు. రేపో ఎల్లుండో వస్తాది కదే?"

చూద్దాం మావా, అన్నాను. చూద్దామట! నేనేం చూస్తాను?

6 సెప్టెంబర్, ఆదివారం

చర్చికి వెళ్ళకుండా మావ ఊరు వెళ్ళాను. టెక్కలి దాకా బస్సు, అక్కడ్నుంచి ఆటో.

పిల్లకాలవ అడుగున బురద కూడా ఎండి పెంకులు లేచింది. మూడెకరాల్లో రెండెకరాలు పచ్చదనం పోయింది. గట్ల వెంబడి తెల్లగా... ఉప్పు పైకొచ్చేసింది. మావ ఒక మొక్క పీకి వేళ్ళతో నలిపాడు, పొడి రాలింది. అత్త లోపల్నుంచి మంచినీళ్ళు తెచ్చిచ్చింది, మొహం చూడకుండా.

తర్వాత తెలిసింది. పై షట్టర్లు ఎత్తే లస్కరు ఉన్నాడు కదా, పోయిన వారం మావ అతని చొక్కా పట్టుకున్నాడట. పదిమంది అడ్డం పడ్డారట.

"మన బిళ్ళ ఎలిగినాదే. అందరూ సూసినారు. మనకి వంతు వచ్చీసినట్టే కదా? మరి నీళ్ళెటుపోనాయి? ఆడే, ఆ లస్కరుగాడే అమ్మీసుకున్నాడు. ఆడి మీద కేసెడతాను."

లస్కరు తప్పేం లేదు మావా — ఈ మాట నా నోటి దాకా వచ్చింది. మింగేశాను. ఒక అమాయకుడి మీద మావ పళ్ళు కొరుకుతుంటే, చేసినదాన్ని నేను ఆయన పెట్టిన చేపల పులుసు తింటూ కూర్చున్నాను.

నా అంత పిరికిదాన్ని నేను చూడలేదు.

14 సెప్టెంబర్

రబీ వంతులకి ఇంకో మీటింగట. ఈసారి హైదరాబాదు నుంచి పెద్దవాళ్ళు చూడ్డానికి వస్తున్నారు, ఇలాంటి బల్లలు మిగతా జిల్లాలకీ పెట్టిస్తారట. బిళ్ళల బ్యాటరీలు నీరసించాయి. ఆరూ నా దగ్గరికే వచ్చాయి, బాగుచేసి ఇమ్మని. నాకు కాక ఇంకెవరికి చేతనవుతుంది?

ఆరింటినీ ఇంట్లో నా టేబులు మీద వరసగా పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. చెక్క అంచులు చేతి చెమటకి నల్లబడ్డాయి. ఆరోదానికి ఎక్కువ.

19 సెప్టెంబర్

బల్లలో ప్రోగ్రాం గిరి చేతిలో ఉంది, జూన్ గొడవ తర్వాత దాని తాళం హెచ్చోడీ గారి దగ్గరికి పోయింది. కానీ దీపం బల్లలో లేదు. బిళ్ళలో ఉంది. నా చేతిలో ఉంది.

బల్ల వింటేనే వెలగాలి. వినకపోతే ఆరిపోవాలి. బిళ్ళ లోపలి ప్రోగ్రాంలో చిన్న మార్పు. ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదు?

పెద్దవాళ్ళందరి ముందూ అయిదు బిళ్ళలు చేతుల కింద చల్లగా, నల్లగా. ఒక్కటి మాత్రం వెలుగుతూ. అప్పుడు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. ఉద్యోగం పోతుంది. పోనీ. సంచిలో కాగితం ఎలాగూ ఉంది.

22 సెప్టెంబర్

మొదటిది మార్చనక్కర్లేదు. రెండోది అయింది. మూడోది. నాలుగోది. వారాలుగా లేని ఆకలి వేసింది. అమ్మ రెండోసారి అన్నం వడ్డిస్తూ అనుమానంగా చూసింది.

23 సెప్టెంబర్

అయిదోది అయింది.

సాయంత్రం మావకి ఫోన్ చేశాను. ముందుగా చెప్పాలి కదా. నలుగురిలో ఆయన చేతి కింద బిళ్ళ ఆరిపోతే... ముందు ఆయనకి తెలియాలి. మొత్తం చెప్పేశాను. దీపం, మొక్కు, గిరి, లాకు, లస్కరు. అటువైపు ఎక్కడో గొడ్లు అరుస్తున్నాయి.

"జూన్‌లోనే తెలుసా నీకు?"

తెలుసు మావా.

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"రేపు మీటింగుకి మా ఊరోళ్ళు ట్రాక్టరు కట్టుకుని వస్తన్నారే. నానే రమ్మన్నాను. మనూరి ఆడపిల్ల సేసినాది, మన సెయ్యి ఎలుగుతాది, సూద్దురు గాని రండర్రా అనీసి."

మావా, అది అబద్ధపు వెలుగు.

"ఇన్నానే... అలగే. నీళ్ళు ఎలాగూ రావు. మా తాత నాడూ రానేదు, ఇప్పుడూ రావు. ఇంతమందిలో నా సెయ్యి ఆర్పీకే. లైటైనా ఉండనీ."

పక్కనున్న ఆరో బిళ్ళని దగ్గరికి జరుపుకున్నాను.

"లస్కరుగాడి ఇంటికెళ్ళొస్తాను. ఆడి సొక్కా సిరిగిపోనాది," అని పెట్టేశాడు.

24 సెప్టెంబర్, గురువారం

పొద్దున్నే కాలేజీ జీపు వచ్చింది. కింద హారన్ కొడుతున్నాడు. అమ్మ వాకిట్లోంచి — "ఏటే, బేగి రా, ఆళ్ళు తొందరపడతన్నారు!"

అయిదు బిళ్ళలు పెట్టెలో సర్దేశాను. ఆరోది ఇంకా కంప్యూటరు కేబులుకే ఉంది. పాత ప్రోగ్రాం అలాగే ఉంది దాంట్లో. చెయ్యి పెట్టి చూశాను. వెలిగింది.

మళ్ళీ హారన్.